ఎవరినీ అడగకుండా అమెరికాలో పిల్లని పెంచే విధానం

డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలోనో, ఎయిర్‌పోర్టు పక్కన ఇర్వింగ్‌లోనో రెండో అంతస్తు అపార్ట్‌మెంటు. ఆయన హెచ్1 ఉద్యోగ వీసా, మీరు ఆయన భార్యగా హెచ్4. చంకలో ఏడాదో ఏడాదిన్నరో నిండిన పిల్ల. ఈ సలహాలు మీకే. న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉన్నవాళ్లూ వాడుకోవచ్చు గానీ, అక్కడ రైళ్లుంటాయి, కాలిబాటలుంటాయి, ఓక్ ట్రీ రోడ్డు మీద నాలుగడుగులేస్తే ఎవరో ఒక మనవాళ్లు పలకరించేస్తారు. ఈ విధానానికి అవన్నీ అవాంతరాలు. టెక్సస్‌లో ఆ బెడద లేదు.

విధానం ఒక్కటే: ఎవరినీ ఏమీ అడక్కండి. అడిగారంటే చేతకాదని మీ నోటితో మీరే ఒప్పుకున్నట్టు. మీ అమ్మ నలుగురిని పెంచింది, ఎవరినైనా అడిగిందా? (ఆవిడకి అడగాల్సిన అవసరం రాలేదు. పిల్లని వాకిట్లో వదిలితే పక్కింటి పెద్దమ్మ ఎత్తుకునేది, ఎదురింటి పిన్ని ముద్దలు కలిపి పెట్టేది, సాయంత్రం ఎవరింట్లో నిద్రపోతే అక్కణ్ణుంచి తెచ్చుకునేది. అవన్నీ మనకిప్పుడెందుకు?)

కారు

ముందుగా, డ్రైవింగు నేర్చుకోకండి. హెచ్4 మీద ఉన్నవాళ్లకీ టెక్సస్‌లో లైసెన్సు ఇస్తారు, కాకపోతే వీసా గడువు ఎప్పటిదాకా ఉంటే అప్పటిదాకానే. గడువు తీరిపోయే కార్డు కోసం ఇప్పుడు పార్కింగు లాట్‌లో వెనక్కీ ముందుకీ తిప్పుతూ చెమటలు పట్టించుకోవడం దేనికి? పైగా నేర్పేది ఆయనే. పెళ్లయిన కొత్తలో ఉన్న ప్రేమ కాస్తా రెండో రోజు యూ టర్న్ దగ్గర ఆవిరైపోతుంది.

డ్రైవింగు రాకపోతే ఎంత సుఖమో చూడండి. ఎండాకాలం బయట 100 డిగ్రీల ఫారన్‌హీటు దాటుతుంది. స్ట్రోలర్ తోసుకుంటూ బయల్దేరితే కాలిబాట ఏదో ఒక గ్యాస్ స్టేషను దగ్గర హఠాత్తుగా ఆగిపోతుంది, అవతల ఆరు వరసల రోడ్డు. వెనక్కి తిరిగి రావడం తప్ప చేసేదేం లేదు. ఇక రోజంతా ఒకే మాట: "నాన్న వచ్చాక వెళ్దాం." పిల్లకి అమ్మ, నాన్న తర్వాత ఇదే మొదటి వాక్యం అవుతుంది. శనివారం నాన్నకి తలనొప్పి.

కొత్తిమీర అయిపోయిందనుకోండి. పక్క ఫ్లాట్ అమ్మాయి కారు రోజూ ఇండియన్ స్టోరు మీదుగానే వెళ్తుంది. "ఒక కట్ట తెస్తావా?" అని మెసేజ్ పెడితే పని అయిపోతుంది. అందుకే పెట్టకూడదు. కొత్తిమీర లేకుండా రసం పెట్టి, ఎవరికీ రుణపడలేదన్న తృప్తితో తాగండి.

కార్ సీటు విషయంలో మాత్రం మీరు నోరెత్తకండి, ఇంటికొచ్చిన పెద్దవాళ్లకి వదిలేయండి. టెక్సస్ చట్టం ప్రకారం ఎనిమిదేళ్లు నిండేదాకానో, 4 అడుగుల 9 అంగుళాలు ఎదిగేదాకానో పిల్లలు పిల్లల సీటులోనే ఉండాలి. మీ మావగారు మాత్రం "మా వాణ్ణి స్కూటరు మీద ముందు నిలబెట్టి తెనాలి నుంచి విజయవాడ తీసుకెళ్లాను, ఏమైంది వాడికి?" అంటారు. వాడికేమీ కాలేదు, అమెరికా వచ్చి మీ మొగుడయ్యాడు. అంతకంటే రుజువేం కావాలి? ఏడుస్తున్న పిల్లని ఒళ్లోకి తీసుకోమంటే తీసుకోండి. డాక్టరు చేత ఆయనకి ఒక్క మాట చెప్పిస్తే సరిపోతుందని మీకు తోచవచ్చు. తోచనివ్వకండి.

డాక్టరు దగ్గర

2 నెలలు, 4 నెలలు, 6, 9, 12, ఇలా పిల్లల డాక్టరు దగ్గరికి పిలుస్తూనే ఉంటారు. నర్సు బరువు తూచి, పొడుగు కొలిచి, తల చుట్టూ టేపు తిప్పి ఒక పర్సంటైల్ చెబుతుంది. దాన్ని ఎంసెట్ ర్యాంకు చూసుకున్నట్టు చూసుకోవాలి. 20వ పర్సంటైల్ అంటే ఆ వయసు ఆడపిల్లలు వందమందిని నిలబెడితే వాళ్లలో 20 మంది ఈ పిల్లకంటే తక్కువ బరువున్నారని మాత్రమే అర్థమనీ, నెలనెలా గీత తన దారిన తాను పైకి పోతుంటే బెంగ అక్కర్లేదనీ డాక్టరమ్మ వివరిస్తుంది. వినకండి. కారెక్కగానే అత్తగారికి ఫోన్ చేయండి.

"ఇరవై వచ్చిందండీ."

"ఎంతకి?"

"వందకి."

అవతల నిశ్శబ్దం. తర్వాత, "మా చిన్నాడి కూతురికి ఎనభై అయిదంటనమ్మా."

ఇక ఇంట్లో కోచింగు మొదలు. ఉదయం ఉగ్గు, పదింటికి అరటిపండు, మధ్యాహ్నం పప్పన్నం నెయ్యి, నాలుగింటికి రాగి జావ. పిల్ల నోరు తెరవకపోతే ఐప్యాడ్ తెరవండి. ఏడాదిన్నర లోపు పిల్లలకి తెర చూపించవద్దనీ, వీడియో కాల్ ఒక్కటే మినహాయింపనీ ఇక్కడి పిల్లల డాక్టర్ల సంఘం అంటుంది. అంటే ఖమ్మంలో కూర్చున్న అమ్మమ్మ ముఖం చూపిస్తూ, ఆవిడ ఒక ముద్ద తింటుంటే ఈవిడ ఒక ముద్ద తినేలా చేయడానికి వాళ్లకీ అభ్యంతరం లేదన్నమాట. కానీ అమ్మమ్మని వాడుకోకండి. అమ్మమ్మ తింటూ తింటూ "ఏమే, చిక్కిపోయావేంటి?" అని మిమ్మల్ని అడుగుతుంది. కార్టూను ఆవు ఎప్పుడూ అలా అడగదు.

అన్నం తినలేదా, పాలు పట్టండి. పాలు తాగి కడుపు నిండితే మళ్లీ అన్నం తినదు, తినలేదు కాబట్టి మళ్లీ పాలు పట్టండి. ఏడాది దాటిన పిల్లకి రోజుకి రెండు మూడు కప్పులు చాలనీ, అంతకు మించితే ఆకలి చచ్చి, ఐరన్ తగ్గి రక్తహీనత వస్తుందనీ డాక్టరు హెచ్చరించే ఉంటారు. ఈ లెక్క చెప్పినావిడ మన ఇంట్లో గ్యాలన్ డబ్బా ఎన్ని రోజులకి ఖాళీ అవుతుందో చూడలేదు కదా.

ఇప్పుడు అసలు జాగ్రత్త. పిల్ల నెలల్లో ఉండగానే ఆ డాక్టరు ఆఫీసులో పిల్ల కాగితాలతో పాటు మీకంటూ ఒక కాగితం ఇస్తారు. పది ప్రశ్నలుంటాయి. ఎడిన్‌బరా స్కేలు అంటారు, 1987లో వచ్చింది. గడిచిన వారం రోజుల్లో మీరు నవ్వగలిగారా, కారణం లేకుండా కంగారు పడ్డారా, నిద్ర పట్టనంత దిగులు పడ్డారా, ఇలా అడుగుతుంది. పిల్లని చూపించుకుందామని వెళ్తే తల్లి సంగతి వీళ్లకెందుకు? పెళ్లిచూపుల్లో "వంట వచ్చా?" అన్నప్పుడు ఎంత వేగంగా తలూపారో, అంత వేగంగా అన్నిటికీ బాగున్నానన్న గడిలోనే గీత పెట్టి ఇచ్చేయండి. ఆయన పక్కనే కూర్చుని చూస్తుంటాడు. ఇండియాలో అత్తగారికి తెలిస్తే "దానికేం తక్కువైందని?" అంటారు. నిజమే, ఏం తక్కువైంది? డిష్‌వాషర్ ఉంది. బాత్రూములో కుళాయి తిప్పి ఆ చప్పుడులో ఏడ్చుకునే వీలుంది.

2022 నుంచి ఇక్కడి ప్రభుత్వం తల్లుల కోసం ఒక ఫోన్ లైను నడుపుతోంది. 1-833-852-6262. పగలైనా రాత్రైనా ఎత్తుతారు, డబ్బులు తీసుకోరు, ఇంగ్లీషులో చెప్పుకోవడం కష్టమైతే దుబాసీని కలుపుతారు. ఏ నంబరుకి చేయకూడదో తెలిసి ఉండాలి కాబట్టి ఇక్కడ రాశాను.

అమ్మతో వీడియో కాల్

డాలస్‌కీ మనూరికీ వేసవిలో పదిన్నర గంటలు తేడా, చలికాలంలో పదకొండున్నర. మార్చి రెండో ఆదివారం ఒకసారి, నవంబరు మొదటి ఆదివారం ఒకసారి గడియారం మారుతుంది, ఆ సంగతి పిల్లకి ఎవరూ చెప్పరు. అమ్మ కాఫీ తాగి తీరిగ్గా ఫోన్ చేసే వేళకి ఇక్కడ పిల్ల నిద్రకి ఏడుస్తుంటుంది. అయినా ఎత్తండి. ఎత్తే ముందు సోఫా మీది బట్టల గుట్టని కెమెరాకి అందని వైపు తోసి, మీ ముఖం మీద లైటు పడేలా కూర్చోండి.

"తిన్నావా?" అంటే, తిన్నాను.

"ఏం తిన్నావు?" అంటే, వంకాయ కూర, చారు.

నిజంగా తిన్నది పిల్ల వదిలేసిన గోల్డ్‌ఫిష్ బిస్కెట్లు. ఆ మాట అన్నారో, అమ్మ "చేపలా? శనివారం పూటా?" అని హడలిపోతుంది. అక్కణ్ణుంచి అవి చేపలు కావు, చేప ఆకారంలో ఉన్న చీజు బిస్కెట్లు అని చెప్పడానికి అరగంట పడుతుంది. అబద్ధం ఆడటానికి అర నిమిషం చాలు.

అల్లుడుగారు సాయం చేస్తారా అని అడిగితే, "చేస్తారమ్మా" అనండి. డైపర్ల పెట్టె ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టేది ఆయనే, అబద్ధమేమీ కాదు. రాత్రిళ్లు మాత్రం లేపకండి. ఆయనకి పొద్దున్నే మీటింగు ఉంటుంది. మీకేం, రోజంతా ఇంట్లో ఖాళీయే కదా. ఈ మాట ఆయన అనక ముందే మీరే అనేసుకుంటే ఇంట్లో గొడవలుండవు. 2015 నుంచి, భర్తకి గ్రీన్‌కార్డు దారిలో ఐ-140 అప్రూవ్ అయితే హెచ్4 మీద ఉన్నవాళ్లూ పని చేసుకోవడానికి పర్మిట్ అడగొచ్చు. అడగొచ్చు అన్నారు కదా, అక్కడే మనకి పడదు.

సాంబ్రాణి

పిల్లకి నలుగు పెట్టి, తలకి పోసి, తడి జుట్టుకి సాంబ్రాణి పొగ పట్టాలని అనిపిస్తే, స్మోక్ అలారం సరిగ్గా నెత్తి మీద ఉన్న చోటే పట్టండి. చుట్టుపక్కల ఫ్లాట్లవాళ్లు మీ తలుపు ముందుకి రావడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు. అయితే వాళ్లు వచ్చినప్పుడు పేరు చెప్పకండి. సారీ చెప్పి తలుపేసుకోండి.

అమ్మ వస్తే

విజిటర్ వీసా మీద అమ్మ దిగితే మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తారు. ఆ ఆరు నెలలూ ఆవిడని వంటింటికీ ఉయ్యాలకీ మధ్య తిప్పుతూ ఉంచండి. సాయంత్రం అపార్ట్‌మెంటు కింద చెట్టు నీడన తెలుగు అమ్మలూ అత్తలూ నలుగురు చేరి మాట్లాడుకుంటుంటారు, వాళ్ల దగ్గరికి పంపకండి. పంపితే వారం తిరక్కుండా ఏ పిల్లల డాక్టరు ఫోన్ ఎత్తుతుందో, ఏ డేకేర్‌లో మన వంట పెట్టనిస్తారో, ఎవరి కోడలు మీలాగే ఒక్కతే ఉందో సమస్తం తెలుసుకొచ్చేస్తుంది. ఏళ్లుగా మీరు కాపాడుకొస్తున్న విధానం ఒక్క సాయంత్రంలో కూలిపోతుంది.

పెట్టెలో వసకొమ్ము, కాటుక డబ్బీ, చిన్న సీసాలో తేనె ఉంటాయి. ఏడాది లోపు పిల్లకి తేనె నాకిస్తే బాట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చని డాక్టర్లు ఖండితంగా వద్దంటారు. కొన్ని కాటుకల్లో సీసం ఉంటుందని ఎఫ్‌డీఏ హెచ్చరిస్తుంది. వీటి గురించి అమ్మతో కూర్చుని నెమ్మదిగా మాట్లాడుకోకండి. ఆవిడ స్నానానికి వెళ్లినప్పుడు తేనె సీసా దాచేయండి, మీరు స్నానానికి వెళ్లినప్పుడు ఆవిడ వెతుక్కుంటుంది. ఆరు నెలలు ఇట్టే గడిచిపోతాయి.

తెలుగు

ఏడాదిన్నర వచ్చినా పిల్ల నాలుగు మాటలకి మించి మాట్లాడకపోతే తప్పు తెలుగుదే. రెండు భాషలు వింటే బుర్ర గజిబిజై మాటలు ఆలస్యమవుతాయని అపార్ట్‌మెంట్లలో అందరూ అంటారు. అందరూ అన్నాక అది నిజం కాక ఎలా ఉంటుంది? రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావని స్పీచ్ థెరపిస్టులు ఎంత చెప్పినా, వాళ్లు మన వాట్సాప్ గ్రూపులో లేరు.

నిజంగా ఆలస్యమేనేమోనని అనుమానం వస్తే, టెక్సస్‌లో ఈసీఐ అని మూడేళ్ల లోపు పిల్లల కోసం ఒక ప్రభుత్వ కార్యక్రమం ఉంది. డాక్టరు చీటీ లేకపోయినా తల్లే ఫోన్ చేసి పిల్లని పరీక్షించమనవచ్చు, ఆ పరీక్షకి డబ్బు తీసుకోరు, తర్వాత కావాలంటే ఇంటికే వచ్చి నేర్పుతారు. మీరు చేయాల్సింది మూడేళ్లు నిండేదాకా ఎదురుచూడటం. "వాళ్ల నాన్నకీ లేటుగానే వచ్చాయి మాటలు" అని అత్తగారు అంటారు. నాన్న ఇప్పటికీ ఇంట్లో పెద్దగా మాట్లాడడు, కాబట్టి నమ్మదగిన మాటే.

ఈలోగా ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి, అదీ మీకు తేలిగ్గా వచ్చే ఇంగ్లీషు కాదు, కార్టూనులో ఆవు మాట్లాడే ఇంగ్లీషు. "కమ్ బేబీ, ఈట్ పప్పు, గుడ్ గర్ల్." జో కొట్టేటప్పుడు లాలిపాట నోటిదాకా వస్తే మింగేయండి. ఇలా నాలుగేళ్లు కష్టపడితే పిల్ల చక్కగా తెలుగు మర్చిపోతుంది. అప్పుడు ఫీజు కట్టి ఆదివారం తెలుగు బడిలో చేర్చవచ్చు. టోల్ రోడ్డు మీద ముప్పావుగంట తీసుకెళ్తే అక్కడ ఎవరో టీచరు, ఆవిడా పాపం వారమంతా ఉద్యోగం చేసుకుని ఆదివారం ఊరికే వచ్చి చెప్పేదే, ఆవు బొమ్మ చూపించి "ఆ" అని నేర్పుతుంది. కారులో తిరిగొచ్చేటప్పుడు పిల్లతో ఇంగ్లీషులో "ఏం నేర్చుకున్నావు?" అని అడగండి.

లైబ్రరీకి వెళ్లకండి

ఇది అన్నిటికంటే ముఖ్యం. ఇక్కడ చిన్న ఊళ్లలో కూడా పబ్లిక్ లైబ్రరీలో పసిపిల్లలకి స్టోరీ టైమ్ పెడతారు. ఎవరైనా రావచ్చు, పైసా ఖర్చు లేదు. పిల్లలు నేల మీద కూర్చుని చప్పట్లు కొడతారు, కాసేపు బుడగలు వదులుతారు, అరగంటలో అయిపోతుంది. ఫ్రిస్కో లైబ్రరీలో అయితే పెద్ద టీ రెక్స్ అస్థిపంజరం నమూనా కూడా నిలబెట్టారు. దాన్ని చూసి మీ పిల్ల ఏడిస్తే, పక్కనే ఇంకో పిల్ల ఏడుస్తుంటుంది, ఆ పిల్ల తల్లీ మీరూ ఒకరి ముఖాలొకరు చూసుకుంటారు. ఆ చూపుతోనే చిక్కు. ఆవిడ కొలంబియా నుంచి వచ్చిందో, కొరియా నుంచి వచ్చిందో, ఈ దేశంలోనే పుట్టిందో గానీ, రాత్రి ఎన్నిసార్లు లేచిందో ఆవిడ కళ్ల కింద రాసి ఉంటుంది. మీ కళ్ల కింద ఉన్నది ఆవిడా చదివేస్తుంది. ఇంగ్లీషు పెద్దగా అక్కర్లేకుండానే పరిచయం అయిపోతుంది.

కాబట్టి వెళ్లకండి. తప్పనిసరిగా వెళ్లాల్సి వస్తే గోడవారగా కూర్చుని ఫోన్ చూసుకోండి. మన తెలుగమ్మాయి ఎవరైనా కనిపిస్తే ఇంకా జాగ్రత్త. ఊరేది, పిల్ల పేరేంటి, రాత్రి నిద్రపోనిస్తుందా అని అడిగితే మాటలు పెరుగుతాయి. అందుకని మొదటి ప్రశ్నగా మీ ఆయనది ఏ కంపెనీ అని, రెండో ప్రశ్నగా గ్రీన్‌కార్డు ప్రయారిటీ డేట్ ఎప్పటిదని అడగండి. మూడోది ఇల్లు కొన్నారా అని. నాలుగో ప్రశ్నకి ఆవిడ లేచి డైపర్ మార్చడానికి వెళ్లిపోతుంది. పిల్ల డైపర్ పొడిగానే ఉంటుంది.

ఇక చివరిది. ఈ విధానాన్ని మీరు ఇన్నాళ్లూ నిష్ఠగా పాటించారు. ఒకరోజు లిఫ్టు దగ్గర ఒక అమ్మాయి ఎదురవుతుంది. వారం కిందటే దిగింది, అలిసిపోయి ఉంది, చేతిలో నెలల పిల్లాడు, నేల మీద ఇంకా ట్యాగు తీయని సూట్‌కేసు. "అక్కా, మీరు తెలుగువాళ్లేనా? ఇక్కడ పిల్లల డాక్టరు ఎవరైనా మంచివాళ్లున్నారా?" అంటుంది.

"గూగుల్‌లో రేటింగులుంటాయమ్మా, చూసుకో" అని లిఫ్టు ఎక్కేయండి.

ఎందుకంటే, డాక్టరు పేరు చెబితే రేపు డాక్టరు దగ్గరికి దారి అడుగుతుంది. దారి చెబితే కారులో కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాలనిపిస్తుంది, అంటే మీరు డ్రైవింగు నేర్చుకోవాలి. ఆవిడకొచ్చేమో కూడా, అప్పుడు మిమ్మల్నే తీసుకెళ్తానంటుంది. ఎల్లుండి గిన్నెడు దోసెల పిండి పంపుతుంది. గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వలేక మీరు అందులో ఏదో ఒకటి వేసి ఇస్తారు. శనివారం "అక్కా, పోస్టాఫీసుకి వెళ్లాలి, వీణ్ణి ఒక్క గంట చూస్తారా?" అంటుంది. చూశారా, అయిపోయింది. పై శనివారం మీ పిల్లని తాను చూస్తానంటుంది, ఒద్దన్నా వినదు, తలుపు తట్టి ఎత్తుకుపోతుంది. ఆ గంట ఖాళీగా చేతికొస్తే ఏం చేసుకుంటారు మీరు?